చుక్కాని చెక్కుట

హుస్సేన్ సాగరముపై గాలి తిరిగిన ఒకానొక సాయంకాలమున, 1956లో జాక్ హోల్ట్ అను ఆంగ్లేయుడు రూపకల్పన చేసిన ఎంటర్‌ప్రైజు జాతికి చెందిన మా ముదుసలి పడవ, పిడిని ఎంత త్రిప్పినను మాట వినక, ఫెళ్లుమని తన దారిని తాను పోయెను. ఒడ్డు చేరి చూడగా చుక్కాని రెండు తునకలైయుండెను. విరిగినచోట కొయ్య నల్లబడి, పుట్టగొడుగుల కంపు కొట్టుచుండెను. గాలి నేరమనుకొంటిమి గాని, అపరాధి, చుక్కాని పైకి లేచుటకు ఆధారమైన ఇరుసు బెజ్జము: రంగు లేచిపోయిన ఆ చిన్న రంధ్రముగుండ ఏండ్ల తరబడి నీరు చొచ్చి లోలోన తినివేసినది.

క్రొత్తది కొనుటకంటె చేసికొనుట మేలని నిశ్చయించి (సొమ్ము లేదనుట సత్యమునకు మరింత దగ్గర), మా వీధి ఆచారిగారి కొట్టములో మెరైను ప్లైవుడ్డు పలకలు రెండు అతికించితిమి. ముందంచు గుండ్రముగా, పది పాళ్లలో మూడవపాలు కడ దళసరిగా, అచ్చటినుండి తోకవరకు సన్నగిల్లుచు, చేపమేనివలె దానిని చిత్రిక పట్టవలెను. పట్టినకొలది పొరల నడిమి జిగురుగీతలు, పటములలో కొండలచుట్టు గీసిన రేఖలవలె, ఒకదానివెంట నొకటి బయల్పడును. గీత వంకర తిరిగెనా, అచ్చట చేయి తప్పినదన్నమాట. పడవనెక్కి యెరుగని ఆచారిగారు, నేను కొలబద్ద వెదకుచుండగనే, ఆ గీతలు చదివి లోపము సరిదిద్దిరి.

ప్లైవుడ్డులో పొర విడిచి పొర అడ్డముగ నుండును గనుక, నిలువున వంచెడి నీటి ఒత్తిడికి నిలుచునవి తక్కిన పొరలే. ఆ లోటు తీర్చుటకే ఫైబర్‌గ్లాసు వస్త్రము. ఎపాక్సీ సోకినంతనే తెల్లని ఆ బట్ట మాయమై, క్రింది కొయ్యచార తడిసిన రాతివలె నిగనిగలాడుట చూచి నేను మైమరచియుండగా, డబ్బాలో మిగిలిన రెసిను తన వేడికి తానే కుతకుతలాడి, పొగలు గ్రక్కి, రాయైపోయెను. వెడల్పు పళ్లెములో పోసియుండిన అంత త్వరపడెడిది కాదు.

ఇరుసు బెజ్జమునకు మాత్రము పగతో పని చేసితిని. కావలసినదానికంటె పెద్దదిగా తొలిచి, చిక్కని ఎపాక్సీతో పూడ్చి, ఎండిన పిమ్మట నడుమ మరల తొలిచితిని. ఇక శీలకు కొయ్య తగులదు, కొయ్యకు నీరు తగులదు.

తొలినాడు ఆచారిగారినే ఎక్కించుకొని పిడి చేతికిచ్చితిని.

“ఇటు నూకితే అటు పోతదేంది సారూ!” అని ఆయన విస్తుపోవుచుండగనే పడవ గుర్రపుడెక్కలో దూరి నిలిచెను. త్రాడు లాగి చుక్కానిని పైకెత్తితిని. ఇరుసు కిర్రుమనలేదు.