ఇరవై మిల్లీమీటర్ల గాలి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులు సముద్రానికి విశ్రాంతి. నెల్లూరు తీరంలోని లేత్ షెడ్లకు మాత్రం ఊపిరాడని పని. అరిగిన బుష్‌లు, వంగిన ప్రొపెల్లర్ షాఫ్టులు అన్నీ ఆ రెండు నెలల్లోనే షెడ్డుకు చేరతాయి. రొయ్యల గుంటల ఏరియేటర్ల పని ఏడాది పొడవునా ఉండేదే. మే నెలలో ఒక ఉదయం మైపాడు దారిలో అలాంటి షెడ్డు ఒకదానికి వెళ్లాను. రొయ్యలు సాగుచేసే మిత్రుడి మాట పట్టుకుని బయల్దేరాను. "మా ఏరియేటర్ షాఫ్టు పక్కన పెట్టేసి మేస్త్రి రేసు కారు సామాను తిప్పుతా ఉండాడు, పోయి చూడు" అన్నాడు.

రేకుల కప్పు, నూనె మరకలతో నల్లబడిన నేల, గుమ్మం పక్కన తుప్పు పట్టిన లంగరు. లోపల లేత్ ముందు అరవై దాటిన మేస్త్రి, ఆయన చుట్టూ నలుగురు కుర్రాళ్లు, ఒక అమ్మాయి. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు. చక్‌లో తిరుగుతున్నది మూరెడు అల్యూమినియం దిమ్మ. దాని మధ్యలో ఒక రంధ్రం. ఆ రంధ్రం కోసమే వాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు.

"ఇరవై మిల్లీమీటర్లు సార్. ఒక్క పాయింటు ఎక్కువైనా మా కారు పోటీలో ఉండదు" అంది ఆ అమ్మాయి, చేతిలో వెర్నియర్ తిప్పుతూ.

కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలో కరి మోటార్ స్పీడ్‌వే అనే ట్రాక్ ఉంది. జనవరిలో అక్కడ ఫార్ములా భారత్ పేరుతో ఇంజనీరింగ్ విద్యార్థులకు పోటీ జరుగుతుంది. తామే డిజైన్ చేసి తామే కట్టిన ఒంటి సీటు కారుతో రావాలి. పెట్రోలు కారుకు ఇంజిన్ 710 సీసీ దాటకూడదు. ఆపైన అసలు షరతు ఇంకొకటుంది: ఇంజిన్‌లోకి పోయే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఒక్కదాని గుండానే పోవాలి. దాన్ని రెస్ట్రిక్టర్ అంటారు.

మేస్త్రికి మొదట్లో ఇది మింగుడు పడలేదట. "రేసంటే బండి ఉరకాల గదా సార్. గాలి ఎక్కువ పోతేనే గదా ఉరికేది. ఈ పిలకాయలు బొక్క చిన్నది చెయ్యమంటారే!" అని తలపట్టుకున్నాడట. నలభై ఏళ్లుగా బోటు ఇంజిన్లు విప్పి బిగించిన మనిషికి ఆ సందేహం రావడం న్యాయమే. నిజానికి విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఇంజిన్ పెట్రోలుతో నడుస్తుందని మనం అనుకుంటాం గానీ అది ఎక్కువగా తినేది గాలినే. ఒక కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే పద్నాలుగున్నర కిలోలకు పైగా గాలి కావాలి. అంటే ఒక్క లీటరు పెట్రోలుకు సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి. పెట్రోలు ఎంతైనా పొయ్యగలం, పంపు పెద్దది పెడితే సరిపోతుంది. గాలిని లోపలికి పంపడమే కష్టం. కాబట్టి శక్తి పెంచాలంటే దారులు మూడే. సిలిండర్ పెద్దది చెయ్యాలి, లేదా దాన్ని ఇంకా వేగంగా తిప్పాలి, లేదా టర్బో పెట్టి గాలిని ఒత్తి కూరాలి. రేసు నిబంధనలు రాసేవాళ్లు వందేళ్లుగా చేస్తున్న పని ఈ మూడు దారుల్లో ఏదో ఒకదానికి తలుపు వెయ్యడమే. రెస్ట్రిక్టర్ మాత్రం మూడింటికీ ఒకేసారి తాళం వేస్తుంది.

ఎలాగో ఆ జట్టులోని కుర్రాడు చెరువు తూముతో చెప్పాడు, అది నాకు నచ్చింది. తూములోంచి వచ్చే నీళ్లు తూము సైజును బట్టి, చెరువులో నీటి మట్టాన్ని బట్టి ఉంటాయి. అవతల కాలువను ఎంత లోతు తవ్వినా చుక్క ఎక్కువ రాదు. గాలి కూడా అంతే. ఇంజిన్ లాగే కొద్దీ రంధ్రంలో గాలి వేగం పెరుగుతుంది. ఆ వేగం ధ్వని వేగాన్ని అందుకున్నాక పెరగడం ఆగిపోతుంది. అవతల ఇంజిన్ ఎంత గింజుకున్నా ఆపైన రాదు. 20 మిల్లీమీటర్ల రంధ్రానికి ఆ హద్దు సెకనుకు 75 గ్రాముల గాలి, కొలతలో చెబితే అరవై లీటర్లు. ఆ గాలితో కాలే పెట్రోలు లెక్క కడితే, ఎంత గొప్ప ఇంజిన్ పెట్టినా చక్రాలకు చేరేది వంద హార్స్‌పవర్ లోపే.

వీళ్లు పెట్టుకున్నది కేటీఎం డ్యూక్ 390 బైకు ఇంజిన్. ప్రమాదంలో దెబ్బతిన్న బండిది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 373 సీసీ, ఒకే సిలిండర్. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. నిమిషానికి 9 వేల చుట్లు తిరిగితే అది గాలి పీల్చేది అందులో సగం సార్లు, అంటే సెకనుకు 75 సార్లు. మొత్తం 28 లీటర్లు. రంధ్రం అరవై ఇవ్వగలదు. మరి ఈ ఇంజిన్‌కు రెస్ట్రిక్టర్ వల్ల వచ్చే నష్టం ఏముంది? అదే అడిగాను.

"మీరు సగటు చూశారు సార్. అది తినే తీరు చూడాల" అన్నాడు తూము కుర్రాడు. నాలుగు స్ట్రోకుల్లో ఇంజిన్ గాలి పీల్చేది ఒక్క స్ట్రోకులోనే. మిగిలిన మూడింటిలో నోరు మూసుకుని ఉంటుంది. సెకనుకు 28 లీటర్లు తీసుకోవడానికి దానికి దొరికే సమయం నాలుగో వంతు. ఆ మింగే క్షణంలో దానికి కావలసిన వేగం సెకనుకు నూట పది లీటర్ల పైమాట. అక్కడ రంధ్రం గొంతు పట్టుకుంటుంది.

దానికి విరుగుడు రంధ్రానికీ ఇంజిన్‌కూ మధ్య పెట్టే గాలి డబ్బా. అల్యూమినియం రేకును వెల్డింగ్ చేసి వీళ్లే తయారు చేశారు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు లాంటిది ఇది. సన్నటి పైపు రోజంతా నింపుతూ ఉంటుంది, మనం కుళాయి తిప్పిన కాసేపు నీళ్లు ధారగా వస్తాయి. ఇంజిన్ నోరు మూసుకున్న మూడు వంతుల కాలంలో గాలి డబ్బాలో చేరుతుంది. డబ్బా చిన్నదైతే గాలి చాలదు. మరీ పెద్దదైతే యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే ఇంజిన్ స్పందించదు. నాలుగు సిలిండర్ల 600 సీసీ బైకు ఇంజిన్ తెచ్చుకునే జట్లకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే ఆ సిలిండర్లు వంతులవారీగా పీలుస్తాయి. కానీ 12 వేల చుట్ల దగ్గర దానికి సెకనుకు అరవై లీటర్లు కావాలి. సరిగ్గా అక్కడే దాని తల పైకప్పుకు తగులుతుంది. రోడ్డు మీద వంద దాటే ఇంజిన్ ఇక్కడ ఎనభై దగ్గర ఆగుతుంది. పైగా అది బరువు, ఖరీదు. పెద్ద ఇంజిన్ ఉన్నవాడిదే గెలుపు అనే మాట ఈ చిన్న రంధ్రం ముందు చెల్లదు.

ఈలోగా మేస్త్రి టేపర్ పట్టాడు. గాలి వచ్చే వైపు బూరలాగా గుండ్రంగా, పొట్టిగా ఉండాలి. ఇంజిన్ వైపు మాత్రం చాలా నిదానంగా విచ్చుకోవాలి. తొందరగా విచ్చుకుంటే గాలి గోడలను వదిలేసి సుడులు తిరుగుతుంది, పోయిన ఒత్తిడి తిరిగి రాదు. రంధ్రం సైజు అందరికీ ఒకటే. అవతలి వైపు నునుపు మాత్రం చెయ్యి తిరిగిన వాడి సొంతం. మేస్త్రి కళ్లద్దాలు పైకి నెట్టి, లోపల వేలు పెట్టి తడిమి, మళ్లీ ఒక కోత వేశాడు. కొలిస్తే 19.95. రంధ్రం 19.9 అయితే వైశాల్యం నూటికి ఒక వంతు తగ్గుతుంది, 20 దాటితే పోటీ నుంచి బయటికి పంపేస్తారు. ఆ మధ్యలో ఆగడం యంత్రం గొప్పతనం కాదు. పాతబడిన ఆ లేత్ మీద అలా ఆగడం ఆ చేతుల గొప్పతనం.

టీ తాగుతూ మేస్త్రి షోలవరం కబుర్లు మొదలుపెట్టాడు. చిన్నతనంలో సూళ్లూరుపేటలో లారీ షెడ్డులో పనిచేశాడట. మద్రాసు దారిలోనే షోలవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ రేసులు నడిపేది. "బస్సెక్కి పోయేవోళ్లం సార్, టిక్కెట్టు కొనుక్కుని. ఆడ పెద్దింజిన్ తెచ్చినోడిదే రేసు. మిగతావోళ్లు దాని ఎనకాల దుమ్ము తినాల" అన్నాడు. ఆయన మాటలో అతిశయోక్తి లేదు. 1980ల మొదట్లో విజయ్ మాల్యా ఫార్ములా వన్‌లో నడిచిన ఎన్‌సైన్ కారును దిగుమతి చేసుకుని షోలవరంలో నడిపారు. దాని పక్కన మన ఫియట్, అంబాసిడర్ ఇంజిన్లతో కట్టుకున్న కార్లు నిలిచాయి. అదంతా చూడముచ్చటే, పోటీ మాత్రం కాదు.

ఆ లెక్క మార్చింది మన తెలుగు మూలాలున్న మనిషే. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ స్థాపించిన కుప్పుస్వామి నాయుడి కుటుంబంలో పుట్టిన సుందరం కరివర్ధన్. స్వయంగా రేసరు, కార్లు కట్టేవాడు. 1988లో ఆయన ఫార్ములా మారుతి తెచ్చాడు. మారుతి 800లో ఉండే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, మామూలుగా 40 హార్స్‌పవర్ కూడా ఇవ్వనిది, తేలికపాటి ఒంటి సీటు చట్రంలో పెట్టాడు. అందరికీ అదే కారు, అదే ఇంజిన్. ఇక మిగిలింది నడిపేవాడి చేతి వాటమే. డబ్బున్న కొద్దిమంది ఆటగా ఉన్న రేసింగ్‌లోకి మామూలు ఇళ్ల పిల్లలు రావడం అప్పుడు మొదలైంది. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. చెట్టిపాళెం ట్రాక్‌కు ఉన్న పేరు ఆయనదే. ఈ పిల్లల కారు పరుగెత్తబోయేది ఆ పేరున్న నేల మీదే.

ఫార్ములా మారుతి నుంచి ఎదిగిన కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన తొలి భారతీయుడయ్యాడు. జోర్డాన్ కారులో ఆయన వెనక ఉన్నది 3 లీటర్ల, పది సిలిండర్ల టొయోటా ఇంజిన్. 2011లో తిరిగి వచ్చి ఎక్కిన కారులో ఉన్నది 2.4 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల కాస్‌వర్త్. ఆరేళ్లలో 600 సీసీ మాయం. అది ఇంజనీర్ల చేతగానితనం కాదు. వేగం ప్రమాదకరంగా పెరుగుతోందని నిబంధన మార్చి 2006లో ఇంజిన్ తగ్గించారు. తర్వాత తిరిగే వేగానికీ 18 వేల చుట్ల దగ్గర గీత గీశారు. అంతకుముందు టర్బోల కాలంలో ఒకటిన్నర లీటరు బీఎండబ్ల్యూ ఇంజిన్ వెయ్యి హార్స్‌పవర్ దాటింది. 1987లో ఒత్తిడిని 4 బార్‌కు, 1988లో 2.5 బార్‌కు దించి, 1989లో టర్బోలనే తీసేశారు. మళ్లీ 2014లో 1.6 లీటర్ల టర్బో వచ్చినప్పుడు గాలి జోలికి పోకుండా పెట్రోలు మీద పడ్డారు: గంటకు వంద కిలోలకు మించి పారకూడదన్నారు. ఆ నిబంధన నాకు అన్నిటికన్నా ఇష్టం. గాలి ఎక్కువ తాగేవాణ్ణి కాక, ఇచ్చిన ఇంధనంలోంచి ఎక్కువ పని పిండుకున్నవాణ్ణి అది గెలిపించింది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు సీసీల మాటే లేదు. కరెంటు కార్లు. రేసులో 300 కిలోవాట్లు, అంటే సుమారు 400 హార్స్‌పవర్, అని నిబంధనే నేరుగా అంకె రాసేసింది. ఈ జట్టు కూడా వచ్చే ఏడాది కరెంటు కారు కట్టాలనుకుంటోంది. విద్యార్థుల పోటీలో దానికి హద్దు 80 కిలోవాట్లు.

మేస్త్రి ఇదంతా విని, "మా సముద్రంలోనూ అంతే గదా సార్" అన్నాడు. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే హక్కు, మరబోట్లు ఆ గీత అవతలే వల వెయ్యాలి. తమిళనాడు వైపు నుంచి పెద్ద ఇంజిన్ల బోట్లు వస్తున్నాయని ఇక్కడి మత్స్యకారులు ఏళ్లుగా పోరాడుతున్నారు. "హార్స్‌పవర్ ఎక్కువున్నోడికి సముద్రమంతా ఇడిస్తే చిన్నోడికి చేప మిగల్దు" అన్న ఆయన మాటలో ఫార్ములా మారుతి కథంతా ఉందనిపించింది.

మధ్యాహ్నానికి ట్రాలీ ఆటోలో తెచ్చిన ఇంజిన్‌కు ఆ ముక్క బిగించారు. పరీక్ష ఒకటుంది. ఇంజిన్ నడుస్తుండగా గాలి మూతిని అరచేత్తో మూసెయ్యాలి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకపోతే రంధ్రం కాక ఇంకెక్కడినుంచో గాలి దొంగతనంగా పోతున్నట్టు లెక్క. అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంజిన్ దగ్గింది, ఊగింది, కానీ ఆగలేదు. అందరి ముఖాలూ వాడిపోయాయి. మేస్త్రి ఏమీ అనలేదు. పలుచని పాలిథిన్ ముక్క ఒకటి తీసి అతుకుల వెంట నిదానంగా తిప్పాడు. డబ్బా కింది వెల్డింగ్ దగ్గర ఆ ముక్క చటుక్కున అతుక్కుపోయింది. అక్కడొక చిన్న కన్నం. వెల్డింగ్ మళ్లీ వేసి, చల్లారాక బిగించి, అమ్మాయి మళ్లీ చెయ్యి పెట్టింది. ఈసారి ఇంజిన్ ఠక్కున ఆగింది. షెడ్డులో ఎవరో ఈల వేశారు.

"ఎంతియ్యాల మేస్త్రీ?" అని అడిగారు. అల్యూమినియం ఖరీదు తీసుకున్నాడు, కూలి తీసుకోలేదు. "గెల్చుకోనొచ్చి మిఠాయి పెట్టండబ్బయ్యా" అన్నాడు.

బయటికి వచ్చాక వాళ్లకున్న అసలు కొరత తెలిసింది. కారు సిద్ధమవుతోంది, నడిపి చూసుకునే చోటు లేదు. రిజిస్ట్రేషన్ లేని కారు రోడ్డెక్కకూడదు, ఎక్కించాలని వాళ్లూ అనుకోవడం లేదు. కావలసింది మూడు నాలుగు ఎకరాల సిమెంటు లేదా తారు నేల, చుట్టూ ప్రహరీ, ఆదివారం నాడు మూడు గంటలు. నెల్లూరు నుంచి ముత్తుకూరు దాకా రైస్ మిల్లుల కళ్లాలు, గోదాముల ఆవరణలు, రొయ్యల మేత ఫ్యాక్టరీల లారీ యార్డులు ఎన్నో ఉన్నాయి. సెలవు రోజు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. హెల్మెట్లు, మంటలార్పే సిలిండర్లు, వరసకు పెట్టే కోన్లు వాళ్లే తెచ్చుకుంటారు. తోడుగా తమ మాస్టారు కూడా వస్తారని చెప్పారు. మీకు అలాంటి స్థలం ఉంటే, దగ్గరలోని ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ విభాగానికి ఒక్క ఫోన్ చెయ్యండి. ఆ మే నాటికి జనవరి పోటీకి ఇంకా ఎనిమిది నెలలే ఉంది.