వానకు పైకొచ్చే ప్రాణాలు

కాణిపాకం చుట్టుపక్కల పెద్ద వానలు ఎక్కువగా దసరా దాటాకే. ఈశాన్య రుతుపవనం దిగాక బాహుదా నదిలో నీరు కనిపిస్తుంది, మామిడి తోటల్లో రాలిన ఆకుల కింద నేల నానుతుంది, వానపాములు పైకి వస్తాయి. తెల్లారేసరికి నాటుకోళ్ళు చెట్ల మొదళ్ళు గీరుతూ వాటిని ఏరుకుంటాయి. ఈ మధ్య ఆ కోళ్ళ మధ్యలో అక్కడక్కడా టర్కీ కోళ్ళు కూడా కనిపిస్తున్నాయి. మగది నెమలిలా తోక విప్పి, ముక్కు మీది కండ వేలాడేసుకుని, పిల్లలు దగ్గరికొస్తే గుడగుడమంటుంది.

అది ఈ నేలది కాదు. మెక్సికో ప్రాంతంలో మనుషులకు మచ్చికై, ఓడలెక్కి ప్రపంచం తిరిగిన పక్షి. 1612లో జహంగీరు కోసం ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి ఒకదాన్ని తెచ్చాడు. పాదుషా దాన్ని చూసి ఆశ్చర్యపోయి, తన జ్ఞాపకాల గ్రంథంలో రాసుకుని, చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. కోడిది వేరే కథ. దాని పూర్వీకులు ఆసియా అడవుల్లోవే. శేషాచలం కొండల్లో దాని దాయాది బూడిదరంగు అడవికోడి ఇప్పటికీ కూస్తోంది. ఒకటి ఇక్కడి పక్షి, ఒకటి సముద్రాల అవతలిది. రెండింటినీ ఒకే పెరట్లో తోలింది మనం.

టర్కీలు పోగొట్టుకున్న ఒక ముసలామె అడిగిన మాట నన్ను చాలాకాలం వదల్లేదు. "కోళ్ళన్నీ బాగానే ఉండాయి నాయనా. ఒకే తావున మేసినాయి, ఒకే తొట్లో నీళ్ళు తాగినాయి. ఇవే ఎందుకు పోవల్ల?" రెక్కలు వేలాడేసుకుని, కళ్ళు మూసుకుని మూల నిలబడ్డాయట. రెట్ట గంధకం రంగులో పడిందట. చాటుగా ఎవరో విషం పెట్టారేమోనని ఆమె అనుమానం. ఆ లక్షణాలు నల్లతల జబ్బువి. తల నల్లబడడం అన్నింటిలోనూ కనబడదు గాని, పేరు మాత్రం అలాగే స్థిరపడింది.

దానికి కారణమైన హిస్టోమోనాస్ ఏకకణ జీవి. బయటి గాలిలో కొన్ని గంటలు కూడా సరిగ్గా నిలవలేదు. ఇంత బలహీనమైన ప్రాణి ఏళ్ళ తరబడి పెరట్లో ఎలా ఉంటుంది? కోడి పేగు చివర రెండు గుడ్డిపేగులుంటాయి. వాటిలో సెంటీమీటరు పొడవుండే తెల్లటి నట్ట ఒకటి కాపురం చేస్తుంది, శాస్త్రజ్ఞులు దాన్ని హెటరాకిస్ అంటారు. కోడికి దానివల్ల పెద్ద బాధ లేదు. హిస్టోమోనాస్ ఆ నట్ట శరీరంలోకి దూరి, దాని అండాశయానికి చేరి, పెట్టబోయే గుడ్డులోపల కూర్చుంటుంది. గుడ్డు కోడి రెట్టతో నేల మీద పడుతుంది. తడి, వెచ్చదనం ఉంటే రెండు వారాల్లో దానిలో పిల్ల తయారవుతుంది. గట్టి పెంకు చాటున ఆ పిల్ల, దానిలోని హిస్టోమోనాస్ మూడు నాలుగేళ్ళైనా మట్టిలో బతికి ఉండగలవు.

ఇక్కడికి వానపాము వస్తుంది. మట్టి తింటూ ఆ గుడ్డునూ మింగుతుంది. గుడ్డులోని పిల్ల వానపాము లోపలే బయటపడి దాని కండలో ఆగిపోతుంది, ఇక ఎదగదు, చావదు. ఒక్క వానపాములో ఎన్నో పిల్లలు పోగుపడొచ్చు. ఏకకణ జీవి నట్టలో, నట్ట వానపాములో, వానపాము నేలలో. వాన పడితే అన్నీ కలిసి పైకొస్తాయి. నేలను గుల్లచేసి చెట్టును బతికించే ప్రాణే ఈ బరువును కూడా మోస్తోందని తెలిసిన రోజున నాకు దిగులేసింది. దానికి తెలిసి చేసేదేమీ లేదు.

టర్కీ దాన్ని తింటే హిస్టోమోనాస్ విడుదలై గుడ్డిపేగుల గోడల్లోకి దిగుతుంది. పేగులో ఉన్నప్పుడు ఒక సన్నని తోకతో ఈదే జీవి, కండలోకి చేరగానే తోక వదిలేసి అమీబాలా పాకుతుంది. రక్తంతోపాటు కార్జానికి చేరి గుండ్రటి గుంటలు పెడుతుంది. మందలో నూటికి ఎనభై పోయినా ఆశ్చర్యం లేదు. పైగా పుండ్లు పడిన గుడ్డిపేగులో నట్టే సరిగ్గా నిలవలేదు. అంటే టర్కీని చంపి హిస్టోమోనాస్ సాధించేదేమీ లేదు, తన వాహనాన్నే పోగొట్టుకుంటుంది. కోడితో చాలాకాలంగా ఇద్దరికీ పెద్ద నష్టం లేకుండా సర్దుకుపోయిన జీవి, కొత్త పక్షితో అలాంటి ఒప్పందానికి ఇంకా రాలేదు.

ఈ చిక్కుముడి విప్పడానికి శాస్త్రానికి పాతికేళ్ళు పట్టింది. అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ 1895లో ఈ జీవిని వర్ణించి, కండలో పాకే రూపాన్ని చూసి అమీబా అనుకున్నాడు. 1920లో టైజర్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. అదే ఏడు స్మిత్, గ్రేబిల్ కలిసి నట్ట గుడ్లు తినిపిస్తే టర్కీలకు జబ్బు వస్తుందని చూపించారు. అంతకు ముందు, 1893లో, పశువుల జ్వరాన్ని పిడుదులు మోస్తాయని రుజువు చేసినవాడూ ఈ స్మిత్తే. మరి నాలుగేళ్ళకు, 1897 ఆగస్టులో, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. జబ్బుకు కారణం ఒకటైతే దాన్ని మోసేది వేరొకటి కావచ్చన్న ఆలోచన ఆ రోజుల్లోనే పాదుకుంది.

టర్కీ పేగుల్లో ఇంకా చాలామందే ఉంటారు. పెద్ద ఏలికపాములు సూటిగా గుడ్డు నుంచి పక్షికి చేరతాయి, మోసేవాళ్ళు అక్కర్లేదు. బద్దెపురుగులకు చీమో పేడపురుగో కావాలి. కాక్సీడియా అనే ఏకకణ జీవి మాత్రం తొందర మనిషి లాంటిది: తడిసిన వేరుశనగ పొట్టు మీద ఒకటి రెండు రోజుల్లో పక్వమై, పక్షిపిల్ల మింగిన వారానికల్లా లక్షలుగా బయటికొస్తుంది. కానీ కోడి కాక్సీడియా టర్కీకి అంటదు, టర్కీది కోడికి అంటదు. ఎవరి ఇల్లు వారిదే.

అందుకే ఆ ముసలామె ప్రశ్నకు జవాబు నల్లతల జబ్బులోనే ఉంది. కోడికి రోగం లేకపోవడమే టర్కీకి ప్రమాదం. బాగున్న కోడే ఆ గుడ్లను రోజూ నేల మీద చల్లుతుంది. నట్టల మందు వేస్తే పక్షిలోని పురుగు పోతుంది, మట్టిలో ముందే పడిన గుడ్డు పోదు. జబ్బు మొదలయ్యాక ఒక టర్కీ నుంచి ఇంకోదానికి నట్ట సాయం లేకుండానే పాకుతుంది. తాజా రెట్ట అంటిన నేల మీద కూర్చున్న పక్షి, మలద్వారంతోనే ఆ తడిని లోపలికి పీల్చుకుంటుంది. నీరసించిన పక్షిని కనబడిన పూటే వేరు చేయాలి.

కోళ్ళను పక్క తోటలోకి మార్చి అదే పెరట్లో కొత్త టర్కీలను వదులుదామా అని ఆమె అడిగింది. వద్దన్నాను. ఎన్నడూ కోడి తిరగని మెరక చోటు, వాన నీళ్ళు నిలవనిది, వాటికి చూడమన్నాను. పాత పెరట్లో కోళ్ళే ఉండనీ. అవి అక్కడ తిరగడం మానేసినా, ఆ మట్టికి ఇంకో మూడు నాలుగు వానాకాలాలు గడవాలి.