పాలగ్లాసు తగవు

మా ఆడుబిడ్డ ఢిల్లీలో శిశువికాసమును, మనస్తత్త్వశాస్త్రమును చదువుచున్నదని వినగానే మా వీధి యమ్మలక్కలు నవ్విరి. సోదరీమణులారా, దాచనేల? మేమును నవ్వితిమి. బిడ్డలను పెంచుటకు కళాశాల యేల? మా యత్తగారు ఏడుగురిని పెంచిరి. ఆమె యే పరీక్షకును కూర్చుండలేదు.

ఆ పిల్ల చదువునది 1932లో స్థాపింపబడిన లేడీ ఇర్విన్ కళాశాల. అచట గృహవిజ్ఞానములో నిదియొక భాగము. రెండేండ్లు గడచినవి, రెండేండ్లు మిగిలినవి. ఈ వేసవిలో నొక సంబంధము వచ్చెను. "మిగిలినది మా యింట నేర్చుకొనవచ్చును, ముందు పెండ్లి కానిండు" అని వరుని తల్లి కబురంపెను. అత్తగారి కది సబబుగా తోచెను. మేము మాటాడలేదు.

ఇంతలో మా యింట పాల తగవు పుట్టెను. ఐదేండ్ల మా కుమారునికి వెడల్పు గిన్నెలోను, వాని చెల్లెలికి పొడుగాటి గ్లాసులోను ఒకే కొలతగా పాలు పోయుచుంటిమి. "చెల్లికే ఎక్కువ" అని వాడు దినదినము నేడ్చెడివాడు. అసూయాపరుడని, అబద్ధములాడుచున్నాడని తిట్టి, ఒకనాడు చేయియు చేసికొంటిమి.

"వదినా, వాడబద్ధ మాడుట లేదు. వాని కట్లే తోచుచున్నది" అని మా ఆడుబిడ్డ రెండు సమానమైన గ్లాసులలో నీళ్లు పోసి చూపెను. రెండును సమానమే యని వాడొప్పుకొనెను. ఒకదానిలోని నీటిని వాని కన్నులయెదుటనే పొడుగాటి గ్లాసులోనికి వంపగా "ఇందులో ఎక్కువ" అనెను. తిరిగి మొదటి దానిలో పోయగా "ఇప్పుడు సమానము" అనెను! స్విట్జర్లాండు పండితుడు పియాజే (1896-1980) ఇట్టి పరీక్షలు చేసెనట. ఆ వయస్సున బిడ్డ ఎత్తునే చూచును, వెడల్పును లెక్కకు తేడు. ఏడేండ్ల ప్రాంతమున తెలిసికొనును. ఆయన తన ముగ్గురు బిడ్డలనే కనిపెట్టి చూచుచు గ్రంథములు వ్రాసెనట.

ఆమె నోటుపుస్తకమును చూచితిమి. శిశుశాలలో నొక మూల కూర్చుండి, బిడ్డ యేమి చేసెనో, యేమి పలికెనో యంతయే వ్రాయవలెను. ఎన్ని పుటలు త్రిప్పినను "మొండి" యను మాట మాకు కనబడలేదు. మేమైనచో మొదటి పుటలోనే వ్రాసియుందుము.

కడుపునొప్పితో నేడ్చు పసికందును మా యత్తగారు భుజముపై వేసికొను తీరు ఏ పుస్తకమును నేర్పదు. ఆ మాట యిప్పటికిని అందుము. కాని చిన్ననాడు నాయనగారియొద్ద భాగవతము చదువుచు, యశోద కృష్ణుని ఱోట గట్టిన పట్టున యశోదపైననే జాలిపడెడివారము. ఆ రాత్రి నిద్రించుచున్న కుమారుని చెంప నిమురుచు, ఆ కట్టబడినవానిని తలచుకొంటిమి.

మరునాడు మావారితో చెప్పి, పెండ్లి రెండేండ్ల తరువాతనే యని వరునివారికి వ్రాయించితిమి. పిల్లల కొకే తీరు గ్లాసులు కొంటిమి. జాబునకు బదులు రాలేదు. అత్తగారు మాతో మాటాడుట లేదు.