పెద్దనాయిన లెన్సు

మా ఇంట్లో ఒక ఇనప ట్రంకు పెట్టె ఉంది. బేతమంగళలో ఇల్లు పంచుకున్నప్పుడు మా వాటా సామాన్లతో బాటు బెంగళూరు చేరింది. అందులో అవ్వ పట్టుచీర, రెండు ఇత్తడి చెంబులు, తాత గనిలో పనిచేసిన నాటి కాగితాలు, అడుగున తోలు సంచీలో ఒక పెంటాక్స్ కె1000 కెమెరా. ఆ కెమెరా మాది కాదు, పెద్దనాయినది. ఈ మాట ముందే రాసేస్తున్నాం. తర్వాత రాస్తే దాచినట్టు ఉంటుంది.

మేమంటే ఇక్కడ అన్నదమ్ములం ఇద్దరం. పంపకాలప్పుడు ఏ సామాను ఎవరిదో చూసే తీరిక ఎవరికీ లేదు. చెరువు కింద ఎకరంన్నర గురించి నాయినకీ పెద్దనాయినకీ మాట మాట పెరిగింది. లారీ ఎక్కించినవి ఎక్కించినట్టే వచ్చేశాయి. పెట్టెలో కెమెరా ఉందని నాయినకి తెలుసు. వెనక్కి ఇవ్వాలంటే మాట్లాడాలి కదా. మాట్లాడలేదు. పదకొండేళ్లు పోయాయి.

పెద్దనాయిన ఛాంపియన్ రీఫ్ గనిలో టైంకీపరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా అదే పని. ఆదివారాలు, ముహూర్తాల దినాలు మాత్రం ఫోటోగ్రాఫరు. కె1000 అంటే 1976లో వచ్చి 1997 దాకా తయారైన మొండి కెమెరా. బ్యాటరీ లేకపోయినా ఫోటో తీస్తుంది, వెలుతురు కొలిచే ముల్లుకి మాత్రమే బ్యాటరీ కావాలి. మన వైపు చిన్న స్టూడియోల వాళ్ల దగ్గర అదో, యాషికా ఎఫ్ఎక్స్-3యో ఉండేది. పెళ్లికి రెండు రీళ్లు అని పెద్దనాయిన లెక్క. 36 ఫోటోల రీలులో జాగ్రత్తగా చుట్టి 37, ఒక్కోసారి 38 లాగేవాడు.

ఆయన తీసిన వాటిలో మాకు మిగిలింది ఒకటే. మేము చిన్నగా ఉన్నప్పుడు, చెరువు నిండుగా ఉన్న ఒక సాయంత్రం, కట్ట మీద నాయిన, అమ్మ, అవ్వ, మేమిద్దరం. తీసినవాడు కాబట్టి పెద్దనాయిన ఫోటోలో లేడు. కింద ఎడమ మూలలో ఆయన తల నీడ పడింది.

బేతమంగళ తెలియని వాళ్లకి ఒక ముక్క: పాత శాసనాల్లో విజయాదిత్యమంగళం అనే ఊరు ఇదే. పాలారు నీళ్లని కట్టతో ఆపిన పెద్ద చెరువు ఉంది. కోలారు బంగారు గనులకీ, గని లైన్లలో ఉండే జనానికీ నీళ్లు ఇక్కడినుంచే గొట్టాల్లో పోయేవి. ఆ పాలారే కుప్పం వైపు ఆంధ్రాని కాస్త తాకి తమిళనాడులోకి పోతుంది.

2020లో ఇంట్లోనే కూర్చున్న నెలల్లో పెట్టె తెరిచాం. కెమెరా షట్టరు కదల్లేదు, గుడ్డ తెర ముడుచుకుని బిగుసుకుపోయింది. కానీ ముందున్న 50 ఎం.ఎం. ఎఫ్ 2 లెన్సు రింగు మాత్రం నెయ్యి రాసినట్టు మెత్తగా తిరిగింది. వెలుతురుకి పట్టి చూస్తే లోపల సాలెగూడు లాగా సన్నటి పోగులు, బూజు. తోలు సంచీ తేమని పట్టి ఉంచుతుంది. పాత లెన్సుల్ని దాచడానికి అంతకన్నా చెడ్డ చోటు లేదు. మీ ఇళ్లల్లో ఉంటే ఇవాళే బయటికి తీయండి, గాలి దూరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. మా లెన్సుని విప్పి తుడిపించాం. బూజు పోయింది. అది తినేసిన పైపూత మాత్రం తిరిగి రాదు, ముందు గాజు మీద గోరంత మచ్చ ఉండిపోయింది. ఎండకి ఎదురుగా పెడితే ఫోటో ఆ మూల పాలలాగా తెల్లబోతుంది.

మొదట చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. బావ దగ్గర నైకాన్ డిజిటల్ ఎస్ఎల్ఆర్ ఉంటే, దానికీ పెంటాక్స్ లెన్సుకీ మధ్య పెట్టే రింగు, అదే అడాప్టరు, ఒకటి కొన్నాం. ఎదురుగా కూర్చున్న మనిషి బాగానే వచ్చాడు. ఆరేడు అడుగులు దాటితే అంతా మంచు. లెన్సు చెడిపోయిందనుకున్నాం. చెడిపోయింది మా లెక్క. ప్రతి కెమెరాలో లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్మో సెన్సరో ఉండే చోటికి ఒక ఖాయమైన దూరం ఉంటుంది. పెంటాక్స్‌కి 45.46 మిల్లీమీటర్లు, నైకాన్ ఎఫ్‌కి 46.5. అంటే అడాప్టరు మందం కలపకముందే లెన్సు ఒక మిల్లీమీటరు ముందుకి జరిగి కూర్చుంటుంది. ఆ ఒక్క మిల్లీమీటరుకే దూరమంతా పోయింది. రోజూ ఇంకొకళ్ల సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టి జీతం తీసుకునే మనిషి కొనేముందు రెండు అంకెలు పోల్చి చూడలేదు. బావ ఇప్పటికీ వదిలిపెట్టడు.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ గొడవ లేదు. సోనీలో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. మిగతా 27 చిల్లరని అడాప్టరు నింపుతుంది. అందులో గాజు ఉండదు, ఉత్త బోలు గొట్టం. అందుకే చవక. సెకండ్ హ్యాండు సోనీ ఎ6000 తీసుకున్నాం. లెన్సు తగిలించి నొక్కితే అది ఫోటో తీయనంది. మెనూలో వెతికితే, లెన్సు లేకపోయినా షట్టరు పని చెయ్యనివ్వాలా అని ఒక ప్రశ్న ఉంది. అవునని పెట్టాలి. అంటే కెమెరా లెక్కలో పెద్దనాయిన లెన్సు లేనే లేదు. ఫోటో వివరాల్లో ఎఫ్ పక్కన గీతలు పడతాయి, ఎంత వెడల్పు తెరిచామో అదేమీ రాసుకోదు. ఇదేదో సోకు అనుకోకండి, ఆర్నెల్ల తర్వాత ఏది ఎలా తీశామో గుర్తుండక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాం.

పక్క మాట ఒకటి. మేము కన్నడ మీడియంలో చదివాం. బడిలో కుంభాకార కటకం అన్న మాట వినలేదు, పీన మసూర అని నేర్చుకున్నాం. మసూర అంటే పప్పే, మన ఇళ్లల్లో మైసూరు పప్పు అంటామే, అది. ఆ గింజ ఆకారం చూసే లాటిన్‌లో లెన్స్ అన్న పేరు పెట్టారు, కన్నడంలోనూ ఆ పప్పు పేరే నిలిచింది. ఇది తెలిసిన రోజు అమ్మకి చెప్తే, బూజు పట్టిందంటే పప్పే కదరా, ఎండలో పొయ్యండి అంది. అమ్మ తప్పేమీ అనలేదు, బూజు రాకుండా కాస్త ఎండ చూపించమని లెన్సుల వాళ్లూ చెప్తారు.

వాడకం కష్టం కాదు, నిదానం. రింగుని ఎఫ్ 2 దగ్గర బాగా తెరిచి ఫోకస్ చూసుకోవాలి. తెర మీద ఆ చోటుని పెద్దది చేసుకుంటే కంటిరెప్ప కూడా తెలుస్తుంది. ఫోకస్ పీకింగ్ అని ఒకటుంది, పదునుగా ఉన్న అంచుల్ని ఎర్రగా గీసి చూపిస్తుంది. ఎఫ్ 2లో దాన్ని పూర్తిగా నమ్మితే దెబ్బ తింటారు, ముక్కుని చూపించి కన్ను వదిలేస్తుంది. తర్వాత రింగుని 5.6కో 8కో తిప్పి తీయాలి. ఉరికే పిల్లలు, పెళ్లిలో తాళి కట్టే క్షణం, వీటికి పనికిరాదు. ఫోనే నయం. పాత లెన్సులో ఏదో మాయ ఉందని, రష్యా హీలియోస్‌లో వెనకాల చెట్లు సుడి తిరుగుతాయని ఇప్పుడు ధరలు పెంచేసి అమ్ముతున్నారు. సుడి నిజమే. పది ఫోటోల తర్వాత మాకు తల తిరిగింది. ఇంట్లో ఉన్నది వాడండి, కొనడానికి పరిగెత్తకండి.

2021 నవంబరు వానలకి పాలారు పారింది, చెరువు నిండింది. ఆ పాత ఫోటో తీసిన చోటే, అదే లెన్సుతో మళ్లీ తీయాలని వెళ్లాం. పెద్దనాయిన ఇంటి వైపు పోకుండా సందు తిరిగి కట్ట ఎక్కాం, అది కూడా నిజం. నిలబడి చూస్తే ఫోటో కుదరలేదు. మా సెన్సరు ఫిల్ము కన్నా చిన్నది, లెన్సు చూపించేదాంట్లో మధ్య ముక్కనే తీసుకుంటుంది. 50 ఎం.ఎం. కాస్తా 75 ఎం.ఎం. లాగా అయిపోతుంది. పెద్దనాయిన పది అడుగుల నుంచి తీసినదాన్ని మేము పదిహేను అడుగులు వెనక్కి పోయి తీయాలి. ఆ అయిదడుగులు కట్ట మీద లేవు. వెనకాల వాలు, ముళ్లచెట్లు. తమ్ముడు మా నడుం పట్టుకుంటే వాలులోకి వంగి, ఖాళీ కట్టనీ నీళ్లనీ తీశాం. మనుషులు లేరు. అవ్వ ఎలాగూ లేదు.

తమ్ముడు ఆ ఫోటోని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద గొప్పగా, పాత పెంటాక్స్ 50 ఎం.ఎం. లెన్సుతో అని రాశాడు. గంట తర్వాత, ఎప్పుడూ ఏమీ పంపని పెద్దనాయిన గొంతు వచ్చింది. ఒకటే మాట.

“పెంటాక్సు యాడిదిరా మీకి?”

నాయిన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. పొద్దున్నే, “పోయి ఇచ్చేసి రాండి” అన్నాడు. మేము కారు తీస్తుంటే వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. ఎందుకని మేము అడగలేదు.

పెద్దనాయిన అరుగు మీద ఉన్నాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటిలో పొర ఇంకా ఉంది. నాయిన లోపలికి రాకుండా చింతచెట్టు కింద ఆగిపోయాడు. తోలు సంచీ ఆయన ఒళ్లో పెట్టి, “పెద్దనాయినా, ఇది నీది. మేము అడక్కుండా వాడుకున్నాం” అన్నాం. ఆయన కెమెరా మీట లాగి చూశాడు, కదల్లేదు. “ఇది సచ్చిపోయిందిలే” అన్నాడు. లెన్సుని మా సోనీ నుంచి విప్పి చేతికిస్తే గాజు మీద బొటనవేలు గోరు పెట్టీ పెట్టకుండా తడిమి, “ఈ మచ్చ నా కాలంలో లేదు” అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

తర్వాత మళ్లీ తగిలించమన్నాడు. తెర చూపిస్తే తల అడ్డంగా ఊపాడు, ఆ ఎండలో ఆ కళ్లకి ఏమీ కనపడదు. పాత కెమెరాలో మధ్యన గుండ్రటి చుక్క నీళ్ల మీద ఎండలాగా మినుకుమినుకుమంటా ఉండేదంట, ఆ మినుకు ఆగితే ఫోకస్ కుదిరినట్టంట. ఇందులో ఆ చుక్క లేదు. రింగుని ఒక చివరికి, అనంతం గుర్తు దాకా తిప్పి ఆపాడు.

“ఎన్నడుగులుండాడు మీ నాయిన?”

“పన్నెండుంటుంది పెద్దనాయినా.”

“నీ అడుగులా, కొలత అడుగులా?”

తమ్ముడు పోయి కాలితో కొలిచి వచ్చాడు. పన్నెండే. పెద్దనాయిన కళ్లు మూసుకుని రింగుని వెనక్కి తిప్పాడు, ఒకచోట ఆపి, ఇంకో వెంట్రుకవాసి కదిపాడు. ఎఫ్ రింగుని టక్ టక్ మని లెక్కపెడుతూ ఎనిమిదికి తెచ్చాడు. ఆ పద్ధతిలో న్యాయం ఉంది. మా సెన్సరు మీద 50 ఎం.ఎం. ఎఫ్ 8లో పన్నెండడుగులకి పెడితే సుమారు పది నుంచి పదిహేను అడుగుల దాకా పదునుగానే వస్తుంది. మనిషి కాస్త అటూ ఇటూ కదిలినా పోడు. ఇన్నేళ్లూ పెళ్లిళ్లు ఆయన అలాగే నెట్టుకొచ్చినట్టున్నాడు, మేము మాత్రం తెర మీద కంటిరెప్పలు లెక్కపెట్టుకుంటున్నాం.

లేచి నిలబడి కెమెరా గుండెకి ఆనించి పట్టుకున్నాడు. పొద్దు ఆయన వెనకాల ఉంది. నొక్కబోయేలోపు చింతచెట్టు కింద నుంచి నాయిన గొంతు.

“అన్నా, నీ నీడ పడతాండాది.”

పెద్దనాయిన జరగలేదు. “పడనీలే” అని నొక్కాడు.

ఫోటోలో నాయిన నోరు సగం తెరిచి ఉంది. చొక్కా గుండీ కూడా పదునుగా వచ్చింది. వివరాల్లో ఎఫ్ పక్కన గీతలే ఉన్నాయి, నోటుబుక్కులో మేమే రాశాం: ఎఫ్ 8, 12 అడుగులు, తీసింది పెద్దనాయిన. ఆ పూట ఆ ఇంట్లో రాగిముద్దా ఉలవచారూ తిన్నాం. ఎకరంన్నర మాట ఎవరూ ఎత్తలేదు, అది ఇంకా అట్లే ఉంది.

లెన్సు ఇప్పుడు బేతమంగళలో ఆయన బీరువాలో, తోలు సంచీలో కాదు, మేమిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. అడాప్టరు మా దగ్గర ఉంది. సంక్రాంతికి అది పట్టుకుని రమ్మన్నాడు.