ఇరువది రెట్ల బొమ్మ

2025 సంక్రాంతి వెళ్లినది మొదలు ఉగాది వరకు మా యింట నొక వ్యాజ్యము నడచినది. వాదులు మా పిల్లలిద్దరు. ప్రతివాది నేను నెలనెల కట్టి కూడబెట్టిన చీటీ సొమ్ము. మావారు బడిలో నెన్ని తగవులు తీర్చినను, ఇంటి తగవు వచ్చుసరికి "నీ సొమ్ము, నీ తీర్పు" అని తప్పించుకొనిరి. కావున న్యాయాధిపత్యము నా నెత్తిని బడినది. ఆ తీర్పును, దాని హేతువులను సోదరీమణులకు విన్నవించుట అనుచితము కాదని తలచుచున్నాను. ఏలయన, ఇట్టి తగవు పిల్లలు గల ప్రతి యింటను నేడో రేపో పుట్టక మానదు.

వ్యాజ్యమునకు మూలము రామాయణము. జపాను దేశస్థుడగు యూగో సాకో 1983 లో మన దేశపు పురావస్తు తవ్వకములను గూర్చి వార్తాచిత్రము తీయుటకు వచ్చి, రామకథకు వశుడై, దానిని బొమ్మల చలనచిత్రముగా తీయ సంకల్పించెను. మన దేశపు రామ్ మోహన్, జపాను కోయిచి ససాకి అతనితో గూడి దర్శకత్వము వహించిరి. ఇరుదేశముల చిత్రకారులు సుమారు 450 మంది చేయి కలిపి పని చేయగా, 1993 లో ఆ చిత్రము వెలువడినది. కంప్యూటరుతో చేసిన బొమ్మలు కావవి. పారదర్శకములైన రేకులపై చేతితో గీసి, రంగులు నింపి, ఒక్కొక్క దానిని ఫిలిముపై కెక్కించిన బొమ్మలు.

దాని డి.వి.డి. యొకటి మా యింట బహుకాలమునుండి యున్నది. మాటలు హిందీ. మా అత్తగారికి హిందీ రాదు. అందుచేత ఆమె మంచముపై కూర్చుండి చూచుచుండ, నేను ప్రక్కన పీట వేసికొని తెనుగున కథ చెప్పుచుండెడిదానను. చిన్ననాట మా నాన్నగారి యొద్ద చదివిన మొల్ల రామాయణము అచ్చట నాకు మిక్కిలి యక్కరకు వచ్చెడిది.

ఆ చిత్రమునే 4కె యను సూక్ష్మరూపమున శుభ్రపరచి, 2025 జనవరి 24 న తెనుగు మాటలతో గూడ సినిమాశాలలలో విడుదల చేసిరి. క్రొత్త కూర్పునకు కొవ్వూరువారగు విజయేంద్రప్రసాదుగారు తోడ్పడిరి. మేమందరము బెజవాడలో చూచితిమి. పాత డిస్కులో పచ్చని మరకవలె నుండిన యడవి చెట్లుగా, చెట్లు కొమ్మలుగా, కొమ్మలు ఆకులుగా విడివడినవి. పిల్లలు రెప్ప వేయలేదు. మా అత్తగారు మాత్రము, "మాటలు హాయిగా ఉన్నాయే అమ్మాయీ, మొహాలే మంచులో ఉన్నట్టున్నాయి" అనిరి. వయసు మీదబడినవారు ఏదో యందురు గదా యని నేనా మాటను అచ్చటనే విడిచితిని. నా తప్పును తరువాత చెప్పెదను.

ఇల్లు చేరగనే వాదము మొదలైనది. అమెరికాలోనున్న మా అన్నయ్య ఫోనులో నా మాట విని, "ఏ బొమ్మల సినిమాకైనను 4కె డిస్కు దొరికినచో నేను పంపెదను, ప్లేయరును, పెద్ద టీవీని మీరు కొనుడు" అనెను. 2016 లో వెలువడిన ఈ డిస్కులకు, డి.వి.డి.లకు వలె ప్రాంతమునకొక సంకేతము లేదు. అమెరికాలో కొన్నదియు ఇచ్చట ఆడును. కాని పాత ప్లేయరు వీనిని చదువలేదు. మా అబ్బాయి లెక్క కట్టి చూపెను. డి.వి.డి. బొమ్మలో అడ్డముగ 720, నిలువుగ 576 చుక్కలు. 4కె బొమ్మలో అడ్డముగ 3,840, నిలువుగ 2,160. గుణించిన మొదటిది 4 లక్షల 14 వేల చిల్లర, రెండవది దాదాపు 83 లక్షలు. సరిగా ఇరువది రెట్లు! "అమ్మా, ఇరువది రెట్లు మంచి బొమ్మ" అని వాని వాదము.

చుక్కలు ఇరువది రెట్లైన బొమ్మ ఇరువది రెట్లు మంచిదగునా? ఈ ప్రశ్నను నేను మూడుగా విడదీసికొంటిని.

మొదటిది: మూలములో ఆ సూక్ష్మత యున్నదా? లేనిదానిని ఏ డిస్కును తేజాలదు. చేతితో గీసి 35 మిల్లీమీటర్ల ఫిలిముపై కెక్కించిన చిత్రమున కుంచె జాడ, గీత వాడి, వెనుకతెరపై రంగుల పూత అన్నియు దాగియుండును. మంచి ఫిలిమును 4కె గా తీసినచో దాగినది వెలికి వచ్చును. తొలినాటి కంప్యూటరు బొమ్మల సంగతి వేరు. 1995 నాటి 'టాయ్ స్టోరీ'ని అడ్డముగ సుమారు 1,500 చుక్కలతోనే గీసిరి. దానిని 3,840 కు సాగదీయుట యనగా పిండి పెంచక అట్టు వెడల్పు చేయుటయే. ఈ పరీక్షలో మన రామాయణచిత్రము నెగ్గినది.

రెండవది: శుభ్రపరచిన చేయి యెట్టిది? ఇచ్చట నా గాయమొకటి చెప్పవలసియున్నది. మా అమ్మ నాకు సారెలో కొండపల్లి దశావతారముల నిచ్చినది. ఏటేట సంక్రాంతి కొలువున వానిని నిలుపుచుంటిని. తెల్లపొణికి కర్రపై వేసిన రంగు వెలసినదని, కొన్నియేండ్ల క్రిందట ఒకనిచేత మెరుగు రంగు వేయించితిని. బొమ్మలు తళతళలాడినవి. కాని వామనమూర్తి పెదవి చివర పాతచిత్రకారుడు సన్నని కుంచెతో దిద్దిన చిరునవ్వు క్రొత్తరంగు క్రింద కప్పబడిపోయినది. ఆ నవ్వు ఇక రాదు. దానిని నాకు చూపి నవ్విన అమ్మయు ఇప్పుడు లేదు.

ఫిలిమునకును ఇదియే ప్రమాదము. ఫిలిముపై సహజముగా నుండు సన్నని రేణువును మురికి యని యంత్రముతో తుడిచినచో, దానితోబాటు చిత్రకారుని గీతయు చెరగిపోవును. 1963 నాటి డిస్నీ చిత్రము 'ది స్వర్డ్ ఇన్ ది స్టోన్' 2013 లో బ్లూరేగా వచ్చినప్పుడు, గీతలు అలికినట్లైనవని బొమ్మల ప్రియులు గోడుపెట్టిరి. 1950 నాటి 'సిండ్రెల్లా'కును పూర్వపు శుద్ధిలో ఇట్టి గతియే పట్టినది. 2023 లో 4కె గా మరల తీసినప్పుడు గీతయు రేణువును తిరిగి వచ్చినవని మెప్పు పొందినది. మన పండితులు పరిష్కరణమనునది ఇదియే. బ్రౌను దొర వేమన పద్యములను 1829 లో అచ్చువేయుటకు ముందు పెక్కు వ్రాతప్రతులను సరిపోల్చెను. లేఖకుని తప్పును తీయుట పరిష్కర్త పని. కవి మాటను తన మాటగా మార్చుట కాదు. 1957 నాటి మన 'మాయాబజారు'కు 2010 లో రంగులు వేసిరి. చూచి ఆనందించినవారు పెక్కుమంది, వారిని తప్పనను. కాని మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపులలో నిలిపిన వెన్నెల మూలము. రంగు దానిపై నొకరు చేసిన వ్యాఖ్యానము. వ్యాఖ్యానమును కొని మూలమును పారవేయరాదు. సినిమాశాలలో మేము చూచిన రామాయణమున గీత నిలిచియే యున్నది. కావున రెండవ పరీక్షయు నెగ్గినది.

పిల్లలు గెలిచితిమని చప్పట్లు కొట్టిరి. మూడవ ప్రశ్న మిగిలియున్నది: చూచు కన్ను ఎంత చూడగలదు?

ఇందుకు మావారి లెక్కలు తోడైనవి. మా టీవీ 32 అంగుళములది. తెర వెడల్పు 28 అంగుళములు. మంచమునకును దానికిని నడుమ టేపు పట్టి కొలువగా ఎనిమిదడుగులు. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరువదియవ వంతు కంటె సన్నని భేదమును సామాన్యముగా పట్టజాలదు. ఆ లెక్కను ఎనిమిదడుగుల దూరమునుండి మా తెరపై వేరుపరచి చూడదగిన చుక్కలు అడ్డముగ వేయికి మించవు. డి.వి.డి. ఇచ్చునవి 720. కొంత లోటు గలదు గాని, ఇరువది రెట్ల లోటు కాదు. 55 అంగుళముల టీవీ కొన్నను, 4కె చుక్కలన్నియు విడివిడిగ కానవలెనన్న నాలుగడుగుల లోపల కూర్చుండవలెను. మా గదిలో అట్లు కూర్చుండినచో వాకిలి మూసికొనిపోవును!

మాట నమ్మక నేను బీసెంట్ రోడ్డునకు పోయి, ఒక దుకాణములో 4కె తెర యెదుట నిలిచి, అడుగు అడుగు వెనుకకు వేయుచు చూచితిని. దగ్గర నున్నప్పుడు అద్భుతము. ఎనిమిదవ అడుగున దానికిని ప్రక్కనున్న సాధారణపు తెరకును చుక్కలలో భేదము నాకు తెలియలేదు. ఒక్క విషయమున మాత్రము క్రొత్తదానికి న్యాయము చేయవలెను. పాతపద్ధతిలో ఒక్కొక్క మూలవర్ణమునకు 256 మెట్లైన, క్రొత్త డిస్కున 1,024 మెట్లు. సంధ్యాకాశము చారలు పడక కరగినట్లుండును. ఈ గుణము దూరమునుండియు కనబడును. కాని దానిని చూపగల టీవీ యైననే.

దుకాణమునుండి వచ్చుచు, కన్ను ఎంత చూడగలదను లెక్కనే నెమరు వేయుచుంటిని. "ఆరోగ్యమైన కన్ను" అని మావారు చెప్పిన మాట దగ్గర నా యడుగు ఆగిపోయినది. "మొహాలు మంచులో ఉన్నట్టున్నాయి." అంత పెద్ద తెరపై, అంత శుభ్రమైన ప్రతిలో, ఆమెకు ముఖములేల కానరాలేదు? సాయంకాలము అడిగితిని. "దీపాల చుట్టూ వలయాలు కనపడబట్టి ఏడాది దాటిందే. మీకు ఖర్చెందుకని చెప్పలేదు" అనిరి. ఏడాది! ఆ యేడాదియు ఆమె ప్రక్కనే పీట వేసికొని కథ చెప్పితిని. ఆమె తెరను గాక నా నోటివంకనే చూచుచుండెడిదని అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. లోకములోని ప్రతుల గుణదోషములను పరీక్షింప బూనితిని; ఇంటిలోని కన్నులను పరీక్షింపలేదు.

మరునాడే కంటి వైద్యురాలి యొద్దకు కొనిపోతిని. రెండు కన్నులను శుక్లములు. మసకబారిన సహజపు కటకమును తీసి, దాని చోట కృత్రిమ కటకము నమర్చుట నేడు సామాన్యమైన శస్త్రచికిత్స. నాటి సాయంకాలమునకే యింటికి పంపుదురు. ఉగాదికి ముందు కుడికన్ను, మరుసటి నెలలో ఎడమకన్ను అయినవి. చీటీ సొమ్ము అటుపోయినది.

ఇది నా తీర్పు. చేతితో గీసిన చిత్రము, గీత చెరగని పరిష్కరణము, పెద్దతెర, దగ్గరి కూర్చుండుట, ఈ నాలుగును కుదిరిన యింట 4కె డిస్కు వ్యర్థము కాదు. మీకు వలసిన భాష అందున్నదో లేదో పెట్టెపై చదివి మరి కొనుడు. ఇందేది లోపించినను, అట్టి చిత్రము సినిమాశాలకు వచ్చినప్పుడు ఒకసారి టిక్కెట్టు కొని చూచుట మేలు. చీటీ సొమ్ము విప్ప నక్కర లేదు. క్రొత్తది కొన్నను పాతప్రతిని పారవేయకుడు. నా వామనమూర్తిని తలచుకొనుడు. మా పిల్లల వ్యాజ్యమును కొట్టివేయలేదు. మరియొక చీటీ పాడువరకు వాయిదా వేసితిని.

కట్లు విప్పి, మందుచుక్కల కాలము గడచిన పిదప ఒకనాటి సాయంకాలము పాత టీవీలో పాత డిస్కునే పెట్టితిమి. సముద్రము వచ్చినది. మా అత్తగారు ముందునకు వంగి, "అమ్మాయీ, సముద్రం ఇంత నీలంగా ఉందటే! ఇన్నాళ్లూ మట్టినీళ్లనుకున్నాను" అనిరి. శుక్లము పట్టిన కటకము పచ్చబడి నీలిరంగును అడ్డగించును. అది తొలగగనే నీలము మరల కనబడునని వైద్యురాలు తరువాత చెప్పినది. నేను అలవాటు చొప్పున పీట వేసికొని కథ నెత్తుకొంటిని. ఆమె నా చేయి పట్టి ఆపి, "కాసేపు ఊరుకో, చూడనీ" అనిరి.