విస్సన్నపేట మామిడి తోటలు

కృష్ణాతీరపు పల్లపు సీమను విడిచి నూజివీటి మీదుగా తిరువూరివైపు పోవువారికి వరిపొలములు క్రమముగా తగ్గి, ఎర్రని మెట్టనేలలును, వానిపై బారులు తీర్చిన మామిడిచెట్లును కానవచ్చును. విస్సన్నపేట యీ సీమలోనిదే. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండిన యీ ప్రాంతము 2022 ఏప్రిలు 4వ తేదీని జరిగిన జిల్లాల పునర్విభజనలో రెండుగా చీలెను. విస్సన్నపేట ఎన్.టి.ఆర్. జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరెను. ఐనను పండ్లబుట్టకు ఈ హద్దులు లేవు. విస్సన్నపేటలో కాచిన కాయయు సంతలో నూజివీటి మామిడి యనియే చెల్లును.

ఒక ఊరిపేరు ఒక పంటకు బిరుదగుట మన దేశముననే కాదు. ఫ్రాన్సు దేశమున బోర్డో నగరమునకు ఉత్తరముగా మెడోక్ అను ద్రాక్షసీమ కలదు. 1855లో పారిసు ప్రదర్శనమునకై అచ్చటి ఎర్రని ద్రాక్షాసవములను అయిదు తరగతులుగా నిర్ణయించిరి. మొదటి తరగతిలో చేరిన లాటూర్ తోట నేటికిని ఆ స్థానముననే యున్నది. అది మిక్కిలి సారవంతమైన నేల యనుకొందురేమో! కాదు. అది గులకరాళ్ల మెరక. వాననీరు నిలువక దిగిపోవును. తీగ నీటికొరకు వేళ్లను లోతునకు పంపును. చేరువనున్న జిరోండ్ నదీముఖము చలితీవ్రతను తగ్గించును.

మామిడికిని నీరు నిలువని నేలయే హితము. పల్లపు నల్లరేగడిలో నీరూరినచో వేళ్లు చెడును. ఎర్రగరపలో నీరింకి, వేరు లోతుగా దిగును. కార్తిక మార్గశిరములలో చెట్టునకు పొడివాతావరణమును, కొంత చలియు కావలెను. అప్పుడు నీరు పెట్టినచో చెట్టు చిగురు వేయును గాని పూత పూయదు. పుష్య మాఘములలో పూత వచ్చును. దానిపై మబ్బులు క్రమ్మి, మంచు దట్టముగా కురిసినచో బూడిద తెగులును, తేనెమంచు పురుగును వ్యాపించును. పిందె నిలిచినను, వైశాఖపు గాలివాన ఒక్క సాయంకాలమున కాపునెల్ల రాల్పగలదు. ఒక ఏడు విరగగాచిన చెట్టు మరుసటి ఏడు తరచుగా విశ్రమించును.

ఇన్ని గండములున్నందుననే పలువురు రైతులు కాపును ముందుగనే వర్తకునకు గుత్తకిచ్చుచుందురు. నష్టభయము తగ్గును గాని, కాయ నెప్పుడు కోయవలెనను అధికారము చేజారును. లాటూర్ తోటవారు తామే కోసి, తామే పిండి, తమ పేరనే అమ్ముదురు. విస్సన్నపేట రైతు పేరు కాయ లారీ యెక్కుటతోనే మాసిపోవును. సంతలో ముందుగా చేరిన కాయకు మంచి ధర పలుకును. ఆ ధరకాశించి ముదురని కాయను కోసి, కార్బైడుతో మాగించువారు కలరు. తోలు పసుపగును, కండ పుల్లగనే యుండును. 2011 ఆహారభద్రతా నిబంధనలు దీనిని నిషేధించినవి.

మరియొక చిక్కు కలదు. గట్టికండ గల బంగినపల్లి దూరప్రయాణమున కోర్చును. దానికి 2017లో భౌగోళిక గుర్తింపును లభించెను. నూజివీటికి పేరు తెచ్చిన చిన్నరసము పీచును రసమును గలది. మాగినపిదప ఎక్కువదూరము పోజాలదు. దూరపు వర్తకుడు దానిని కోరడు. చేరువనున్న గృహములవారు కోరకున్నచో దానిని నాటువారుండరు.

కావున సోదరీమణులు పచ్చని తోలుగల ముదురు కాయనే కొని, ఇంటనే మాగవేయుట మేలు. ముదిరిన కాయకు భుజములు ముచ్చికకన్న పైకి లేచియుండును. నీటిలో వేసిన మునుగును. తేలిన కాయలు పచ్చడికి పనికివచ్చును. మునిగిన కాయలను తుడిచి ఆరబెట్టి, వరిగడ్డి పరచి, ఒకదానికొకటి ఒరయకుండ పేర్చి, మరల గడ్డి కప్పవలెను. దినదినము చూచుచు, చెడినదానిని తీసివేయవలెను. కొన్నినాళ్లకు గది నిండ కమ్మని వాసన వచ్చును. ఒక బుట్ట బంగినపల్లి కొనునపుడు ఒక డజను చిన్నరసములను గూడ అడుగుడు. మనము అడిగినంతకాలము విస్సన్నపేట మెట్టలలో ఆ చెట్టు నిలుచును.