జూలై ఒకటి: మాస్టారు పెట్టిన ముహూర్తం

ఏ తేదీన లోకంలో ఏయే దినాలు జరుపుకుంటారో ఏకరువు పెట్టే పట్టికలు చదవడం నాకొక వ్యసనం. ఆ పట్టికలలో జూలై ఒకటి మహా సందడిగా ఉంటుంది. అది అంతర్జాతీయ జోకుల దినమట. మన దేశంలో వైద్యుల దినమూ, చార్టర్డ్ అకౌంటెంట్ల దినమూ అదే. 2017లో జీఎస్టీ అమలులోకి వచ్చిందీ ఆనాడే కనుక పన్నులకూ అదే పండుగ. జోకులకూ పన్నులకూ ఒకే రోజున ముడిపెట్టినవారెవరో గాని రసజ్ఞులు.

వైద్యుల దినానికి మూలపురుషుడు బిధాన్ చంద్ర రాయ్. ఆయన 1882 జూలై 1న పుట్టి, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిగా ఉండగానే, సరిగ్గా ఎనభై ఏళ్ళకు 1962 జూలై 1న కన్నుమూశారు. జయంతీ వర్ధంతీ ఒకనాడే. నవ్వాలో విచారించాలో తెలియని ఇటువంటి సంకటం ఒక ద్వీపానికంతటికీ ఉన్నదని తెలిసినప్పుడు నేను చాలాసేపు ఆ పుటను వదలలేకపోయాను.

ఆ ద్వీపం న్యూఫౌండ్‌లాండ్. కెనడాకు తూర్పు కొసన ఉంటుంది. 1867 జూలై 1న ఏర్పడిన కెనడాకు ఆ రోజు జాతీయ పర్వదినం. న్యూఫౌండ్‌లాండ్ అప్పటికి అందులో భాగం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో తన సొంత దళాన్ని పంపింది. 1916 జూలై 1న, సోమ్ యుద్ధపు తొలినాటి ఉదయం, ఫ్రాన్సులోని బోమాంట్ హామెల్ దగ్గర సుమారు ఎనిమిది వందలమంది ఆ ద్వీపపు యువకులు కందకాలు దాటి ముందుకు నడిచారు. అరగంట గడిచేసరికి అంతా అయిపోయింది. మరునాడు హాజరు పిలిస్తే పలికినవారు అరవై ఎనిమిది మంది. ఆ తరువాత 1949లో న్యూఫౌండ్‌లాండ్ కెనడాలో చేరింది. చేరడంతో పాటే కెనడావారి పండుగ కూడా వచ్చి, తమ శ్రాద్ధదినం మీద కూర్చుంది. ఇప్పటికీ అక్కడ ఆ రోజు పొద్దున స్మారకస్తంభం దగ్గర జెండాలు అవనతమై ఉంటాయి. మధ్యాహ్నం దాటాక పండుగ మొదలవుతుంది. కన్నీరు తుడుచుకోవడానికి గడియారం చూసుకోవలసిన ఊరు!

ఇన్ని ఘనతలున్న తేదీకి మన పల్లెటూళ్ళు చేసిన సేవ మాత్రం ఏ పట్టికకూ ఎక్కలేదు. ఒక తరం తెలుగువారిలో జూలై ఒకటిన పుట్టినవాళ్ళు లెక్కకు మించి ఉంటారు. వాళ్ళను ఆనాడు కన్నది తల్లులు కారు, బడిపంతుళ్ళు. బడులు తెరిచిన కొత్తలో పిల్లవాణ్ణి తీసుకువెళ్ళి నిలబెడితే, కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకోమనేవారు. అందితే అయిదేళ్ళు నిండినట్టే. అందకపోయినా, తండ్రి కాస్త బతిమాలితే నిండినట్టే. ఆ పైన మాస్టారు రిజిస్టరు తెరిచి, లెక్కకు సులువుగా ఉండే తేదీ ఒకటి వేసేవారు. జూన్ నెల తేదీలంటే మక్కువ కల మాస్టార్లూ లేకపోలేదు గాని, జూలై ఒకటి ప్రాశస్త్యం దానిదే.

మా నాన్నగారు ఆ సంతతివారే. మా నాయనమ్మకు తెలిసినది విరోధి నామ సంవత్సరం, కార్తీక బహుళ పంచమి. 1954లో బడిలో వేసినప్పుడు మాస్టారు దానిని 1-7-1949గా మార్చారు. నాలుగు నెలల వయసు ఉచితంగా వచ్చింది. పుచ్చుకున్నందుకు అయిన ఖర్చు అర్ధశతాబ్దం తరువాత గాని తెలియలేదు.

నాన్నగారు ఒక కేంద్రప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశారు. నెల మొదటి తేదీన పుట్టినవారు ముందు నెల ఆఖరి రోజుననే పదవీవిరమణ చేయాలని నిబంధన. ఆ లెక్కన ఆయన 2009 జూన్ 30 సాయంత్రం దండ వేయించుకొని ఇంటికి వచ్చారు. 2006 నాటి వేతన సవరణతో కేంద్ర ఉద్యోగులందరికీ ఏటా ఇంక్రిమెంటు ఇచ్చే రోజు జూలై ఒకటి అయింది. ఏడాది పొడుగునా చేసిన చాకిరీకి రావలసిన ఇంక్రిమెంటు తెల్లవారితే వస్తుంది. తెల్లవారేసరికి ఆయన ఉద్యోగి కాదు. మూలవేతనంలో మూడు శాతం అంటే పెద్ద మొత్తమేమీ కాదు. కాని పింఛను దాని మీదనే కట్టబడుతుంది కనుక ఆ ఒక్క రాత్రి నష్టం నెలనెలా పలకరించేది. "జూలై రెండని వేసి ఉంటే మాస్టారి సొమ్మేం పోయేది?" అని అమ్మ సణిగేది. నాన్నగారు ఆ మాస్టారిని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. బడిలో చేర్చుకున్నవాడు ఆయనే కదా అనేవారు.

2023 ఏప్రిల్ 11న, కర్ణాటక విద్యుత్ సంస్థ ఉద్యోగుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఏడాది సేవతో ఆర్జించుకున్న ఇంక్రిమెంటును మరునాడు ఉద్యోగంలో లేరన్న కారణంతో నిరాకరించరాదన్నది దాని సారాంశం. నాన్నగారు పత్రికలోని ఆ ముక్కను కత్తిరించి దాచుకున్నారు. ఒక మధ్యాహ్నం అర్జీ రాయడానికి కూర్చున్నారు. అమ్మ ఏటా కార్తీక బహుళ పంచమినాడే ఆయనకు పరమాన్నం వండి పెడుతుంది. జూలై ఒకటిన ఎవరైనా శుభాకాంక్షలు చెబితే ఆయన తెల్లబోతారు కూడా. అయినా పుట్టిన తేదీ అన్న గడి దగ్గర కలం ఒక్క క్షణమైనా ఆగలేదు. గుండ్రని అక్షరాలతో 1-7-1949 అని రాసి, కింద సంతకం చేశారు.